కింది మూడు అంతస్తుల మెంబ్రేన్లు

ఆ అపార్ట్‌మెంట్‌లో ఏ వంటగదిలోకి వెళ్లి నీళ్ల ఫిల్టరు మూత తీసినా లోపల ఒకే చేతిరాత కనిపిస్తుంది. ప్రతి డబ్బా మీదా నల్ల మార్కరుతో రాసిన ఒక తారీఖు ఉంటుంది. అంకెలు గుండ్రంగా, కాస్త ఎడమకు వాలి ఉంటాయి. ఆ భాగాన్ని బిగించిన రోజది. రాసినాయన వయసు యాభై మూడు. ఆయనకూ ఒక పేరుందని కొందరికి తెలుసు కానీ, ముప్పై ఆరు ఇళ్లలోనూ ఆయన్ని తారీఖుల మెకానిక్ అనే అంటారు.

ఫిల్టరులో ఏ భాగాన్ని ఎప్పుడు మార్చాలన్నది చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. నీళ్లు వస్తున్నంతకాలం అంతా బాగానే ఉందనుకుంటారు. లేదా ఎవరో ఫోన్ చేసి భయపెడితే అన్నీ ఒకేసారి మార్పించేస్తారు. మెకానిక్ ఈ రెండు పద్ధతులకూ ఒప్పుకోడు. ఒక్కో భాగం ఒక్కో రకంగా పాతబడుతుందని ఆయన వాదన. అన్నిటికంటే ముందుండే మట్టి ఫిల్టరు సంగతి కంటికే తెలుస్తుంది. తెల్లగా మొదలై డికాషన్ రంగుకు తిరిగిందంటే దాని పని అయిపోయినట్టు. అది ఒక ఇంట్లో మూడు నెలలకే జరగవచ్చు, ఇంకో ఇంట్లో ఎనిమిది నెలలు పట్టవచ్చు. అసలైన మెంబ్రేన్ మాత్రం కంటికి దొరకదు. చుట్ట చుట్టిన పల్చటి పొర అది. ఉప్పుల్ని ఆపి, నీళ్లను మాత్రం అవతలికి పంపుతుంది. అది పనిచేస్తోందో లేదో మీటరే చెప్పాలి. లోపలికి వచ్చే నీళ్లలో కరిగిన ఉప్పుల నంబరు ఎంత, బయటికి వచ్చే నీళ్లలో ఎంత అని కొలుస్తాడు. బయటి నంబరు లోపలి నంబరులో ఐదో వంతు దాటితే మెంబ్రేన్ మార్చాల్సిందే. దాటకపోతే ఇంటివాళ్లు బతిమాలినా మార్చడు. ఒకసారి నాలుగో అంతస్తులోకి కొత్తగా దిగినాయన, "కొత్తిల్లు కదా, ఫిల్టరులో కూడా అన్నీ కొత్తవి వేసేయండి" అంటే, "ఇంటితోపాటు కళ్లజోడు కూడా మార్చారా సార్?" అని అడిగాడు.

ఈ పిచ్చి ఆయనకు ఈనాటిది కాదు. ఇరవయ్యో ఏట బ్యాటరీల షాపులో పనికి కుదిరాడు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరుకూ కుళాయి నీళ్లకూ తేడా ఏమిటో అర్థంకాక, ఒక పాత బ్యాటరీలో కుళాయి నీళ్లు పోసి నెలరోజులు కనిపెట్టుకుని కూర్చున్నాడు. బ్యాటరీ చచ్చింది, ఆయన తిట్లు తిన్నాడు. చూడ్డానికి ఒకలాగే ఉన్న రెండు నీళ్లు ఒకటి కావన్న సంగతి మాత్రం ఆయన బుర్రలో ఉండిపోయింది. తర్వాత ఇళ్లలోకి నీటి ఫిల్టర్లు వచ్చాక ఈ పనిలోకి మారాడు. మార్చేసిన పాత భాగాల్ని పారేయడు. ఇంటికి తెచ్చి, బాల్కనీలో హాక్సా బ్లేడుతో కోసి, మురికి ఎంత లోతుకు వెళ్లిందో చూస్తాడు. బట్టలు కుట్టే ఆయన భార్య, "నా కత్తెరకు చీరలు, మీ రంపానికి ఈ పీనుగులు" అంటూ ఆ బాల్కనీ వైపు వెళ్లడం మానేసింది.

అపార్ట్‌మెంట్‌కు ఆరు అంతస్తులు, అంతస్తుకు ఆరిళ్లు. పొద్దున్నే స్కూలు పిల్లలతో, ఆఫీసుకు వెళ్లేవాళ్లతో లిఫ్టు ఖాళీ ఉండదు. మెకానిక్‌కు మోకాళ్ల నొప్పులు. అందుకని కింది మూడు అంతస్తుల పని పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిలోపు మెట్లెక్కి ముగించేవాడు. పై మూడు అంతస్తులకు సాయంత్రం ఐదు తర్వాత లిఫ్టులో వెళ్లేవాడు. ఆరేళ్లుగా అదే వరస. ఆ ముప్పై ఆరు ఇళ్లే ఆయన పనిలో సగానికి పైగా. అవి పోతే తాను పనిచేసే ఫిల్టర్ల షాపులో తనను ఎందుకు ఉంచుకోవాలో షాపు ఓనరుకు కూడా తెలియదు.

అవి పోయే ప్రమాదం రెండో అంతస్తు నుంచి వచ్చింది.

ఆ అంతస్తులో ఉండే టీచరుగారు ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీ. ఆవిడ ఒక సోమవారం ఉదయం ఏడింటికి మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"మెకానిక్ గారూ, ఐదు నెలల కింద మా ఇంట్లో కొత్త మెంబ్రేన్ బిగించారు. ఎన్నాళ్లు వస్తుందన్నారు?"

"కింది అంతస్తు కదా మేడమ్, ఏడాదిన్నర ఖాయం."

"పోయింది."

"పోవడమేంటి మేడమ్? నీళ్లు రావట్లేదా?"

"నీళ్లు వస్తున్నాయి. నంబరే వస్తోంది దాంతోపాటు. నేనూ ఒక మీటరు కొన్నాను. లోపలికి వచ్చేది ఆరు వందల ఇరవై, బయటికి నూట యాభై రెండు. ఐదో వంతు ఎంతో నేను చెప్పనా, మీరు చెప్తారా?"

నూట ఇరవై నాలుగు. మెకానిక్ మనసులోనే లెక్కేసుకున్నాడు. "ఎలా కొలిచారు మేడమ్? కుళాయి దగ్గరా?"

"మీరు కొలిచినట్టే. మీరొచ్చినప్పుడు పక్కనే నిలబడి చూశాను కదా. మెంబ్రేన్ నుంచి వచ్చే సన్నగొట్టం ఊడదీసి, మిషన్ ఆన్ చేసి, గ్లాసులో పట్టాను. ఒకరోజు కాదు, పదకొండు రోజులు. అన్నీ రాసిపెట్టాను. ఆదివారం మీటింగ్ ఉంది. ఒక కంపెనీ వాళ్లు మొత్తం అపార్ట్‌మెంట్ తీసుకుంటామంటున్నారు. క్యాలెండరు చూసి ఏడాదికోసారి అన్నీ మార్చేస్తారట. మీరు పాత మెంబ్రేన్ తుడిచి పెట్టారేమో అని ఒకరన్నారు. నేను అనలేదు. కానీ ఈ నంబర్లు చూశాక, కాదని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు."

మెకానిక్ నేరుగా షాపుకు వెళ్లాడు. షాపు ఓనరు ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్న. తండ్రి పోయాక గల్లా దగ్గర కూర్చున్నవాడు. విషయం విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"డబ్బా సీలు ఎవరు కోశారన్నా?"

"నేనే. టీచరుగారి ముందే."

"మరింకేం? మెంబ్రేన్ అసలుదే. నీ మీటరే ముసలిదై ఉంటుంది, నీలాగే."

"మీటరుకు పోయిన నెలే కొత్త బ్యాటరీ వేశాను."

"నీకెప్పుడు వేయిస్తాం?" నవ్వి, అరలోంచి ఒక డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. "ఇదిగో, ఇంకొకటి తీసుకెళ్లి బిగించేసి రా. కంపెనీ లోపం అని చెప్పు. ఆదివారంలోపు గొడవ చల్లారిపోతుంది."

మెకానిక్ ఆ డబ్బా వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. "ఇది ఎందుకు పోయిందో తెలియకుండా అది బిగిస్తే, అదీ ఐదు నెలలకే పోతే?"

"అప్పుడు చూద్దాంలే అన్నా."

"ఇప్పుడే చూస్తాను," అని సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

టీచరుగారి వంటగదికి చేరేసరికి పదైంది. ఆవిడ స్టవ్ తుడుస్తోంది. మెకానిక్ గొట్టం ఊడదీసి, మిషన్ వేసి, గ్లాసు పట్టి, మీటరు ముంచాడు. నలభై ఆరు.

ఇద్దరూ ఆ అంకె వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఇంకోసారి పట్టండి," అందావిడ.

నలభై ఆరే. ఆవిడ సొరుగులోంచి తన మీటరు తెచ్చి అదే గ్లాసులో ముంచింది. నలభై ఏడు.

"అంటే మీ మీటరు మంచిదే, నా మీటరూ మంచిదే."

"మెంబ్రేన్ కూడా మంచిదే మేడమ్," అన్నాడు మెకానిక్, ఊపిరి పీల్చుకుంటూ.

"అంత తొందరేం లేదు. పొద్దున ఆరింటికి నూట యాభై రెండు. ఇప్పుడు నలభై ఆరు. ఒకే మెంబ్రేన్ నాలుగు గంటల్లో చచ్చి బతికిందా?" ఆవిడ నోటుబుక్కు తెచ్చి బల్లమీద పరిచింది. పదకొండు తెల్లవారుఝాముల అంకెలు, పక్కన లోపలికి వచ్చే నీళ్ల అంకెలు. "లోపలికి వచ్చే నీళ్లు పొద్దునా అవే, ఇప్పుడూ అవే. మారింది ఒక్క టైమే. పొద్దుట్నుంచి ఇప్పటిదాకా నేనేం చేశానో చెప్పమంటారా? బిందె నింపాను, వంటకు పట్టాను, పనామె రెండు సీసాలు పట్టుకెళ్లింది. మిషన్ గంటసేపు ఆగకుండా తిరిగింది."

మెకానిక్ తల గోక్కున్నాడు. "రాత్రంతా ఆగి ఉంది కదా మేడమ్, పొద్దున."

"ఉంది."

"ఇప్పుడు ఆపేసి, కొన్ని గంటలాగి చూద్దామా?"

టీచరుగారి మొహం వెలిగింది. రిటైరయ్యాక ఆవిడకు ఇలాంటి మాట చెప్పినవాళ్లు లేరు. "నేను ఒక్క చుక్క ముట్టుకోను. కూరలు కుళాయి నీళ్లతోనే కడుక్కుంటాను. మీరు మీ పనులు చూసుకుని రెండింటికి రండి."

రెండింటికి రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. గ్రాఫు కాగితం కూడా సిద్ధంగా ఉంది. ఆవిడ గోడ గడియారం చూసి "ఆ" అనగానే మెకానిక్ స్విచ్ వేశాడు. తొలి గ్లాసు నూట పద్దెనిమిది. ఒక నిమిషానికి తొంభై. మూడో నిమిషానికి అరవై ఆరు. పదో నిమిషానికి నలభై ఏడు. తర్వాత ఎంతసేపు చూసినా నలభై ఏడే.

"నాలుగు గంటలకే నూట పద్దెనిమిదా!" అన్నాడు మెకానిక్. ఇరవై ఏళ్లలో ఆయన ఒక మెంబ్రేన్ నీళ్లను ఇలా నిమిషాలవారీగా ఎన్నడూ కొలవలేదు.

టీచరుగారు చుక్కలు కలిపి గీత గీసింది. కొండ మీద నుంచి జారుడుబల్లలా దిగి, నేలబారుగా సాగింది గీత. "మిషన్ నడిచేటప్పుడు పంపు నీళ్లను గట్టిగా నెడుతుంది. నీళ్లు పొర దాటుతాయి, ఉప్పు ఆగిపోతుంది. మిషన్ ఆగితే నెట్టేది ఎవరు? పొరకు అవతల ఉప్పు నీళ్లు, ఇవతల మంచినీళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. గంటలు గడిచేకొద్దీ ఉప్పు మెల్లగా ఇటు జారుకుంటుంది. మళ్లీ మిషన్ వేసినప్పుడు అదంతా తొలి గ్లాసులోకి వస్తుంది."

"టీచరు బయటికెళ్లిన క్లాసులా అన్నమాట."

"సరిగ్గా అంతే. టీచరు తిరిగొచ్చాక సర్దుకోవడానికి పది నిమిషాలు." ఆవిడ నవ్వింది. మెకానిక్ కూడా నవ్వాడు. మెంబ్రేన్ అసలుదే, తన చెయ్యీ శుభ్రమే. సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఒక్క మాట," అంది టీచరుగారు, గ్రాఫు వంకే చూస్తూ. "ఐదు నెలల కింద నా పాత మెంబ్రేన్ పోయిందన్నారు. ఆ రోజు ఎన్నింటికి కొలిచారు?"

"ఎప్పుడూ వచ్చినట్టే... ఆరున్నరకి."

"తొలి గ్లాసేనా?"

మెకానిక్ నీళ్లు నమిలాడు. "తొలి గ్లాసే."

"కొత్తది బిగించాక?"

"కొత్తదానికి మందు వాసన ఉంటుంది మేడమ్. అరగంట నీళ్లు వదిలేసి కొలవడం పద్ధతి. అప్పుడు నలభై..." మాట మధ్యలోనే ఆగిపోయింది.

పాతదాన్ని రాత్రంతా ఆగిన తొలి నీళ్లతో కొలిచాడు. కొత్తదాన్ని అరగంట తిరిగిన నీళ్లతో కొలిచాడు. అలా కొలిస్తే ఏ పాతదైనా ఓడిపోతుంది, ఏ కొత్తదైనా గెలుస్తుంది.

"నా పాతది నిజంగా పోయిందా లేదా?" అంది టీచరుగారు. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న పట్టుదల ఉంది. "నాదొక్కటేనా, ఇంకా ఉన్నాయా? ఊహించి చెప్పకండి. చూసుకుని ఆదివారం మీటింగులో చెప్పండి."

మెకానిక్ మెట్ల మలుపులో కాసేపు కూర్చున్నాడు. కింది అంతస్తుల్లో మెంబ్రేన్లు త్వరగా పోతాయన్నది ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. దానికి కారణం కూడా ఆయన దగ్గర సిద్ధంగా ఉండేది. ట్యాంకు మేడమీద ఉంది, కిందికొచ్చే కొద్దీ నీళ్ల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పొర త్వరగా నలుగుతుంది. ఆరేళ్లుగా ఇదే మాట ఇల్లిల్లూ చెప్పాడు. షాపులో మిగతా మెకానిక్కులు కూడా ఆయన్ని చూసి అదే చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట నిజమో కాదో మాత్రం ఎప్పుడూ కొలవలేదు.

శనివారం మధ్యాహ్నం ఆరేళ్ల డైరీలు ముందేసుకుని కూర్చున్నాడు. ఏ ఇంట్లో, ఏ భాగం, ఏ రోజు, ఏ వేళకు మార్చాడో అన్నీ అందులో ఉన్నాయి. భార్య కుట్టుమిషన్ ఆపి, రెండు గిన్నెలు, గుండీల డబ్బా తెచ్చింది.

"వేళ్లమీద లెక్కపెడితే మీకు మధ్యలో ఆవలింత వస్తుంది. మీరు చదవండి, నేను వేస్తాను. మెంబ్రేన్ మార్చిన ప్రతిసారికీ ఒక గుండీ. కింది మూడు అంతస్తులకు తెల్లది, పై మూడింటికి నల్లది."

ఆయన చదివాడు, ఆవిడ వేసింది. రెండు గంటలు పట్టింది. తెల్ల గుండీలు డెబ్బై ఒకటి. నల్లవి ముప్పై నాలుగు.

"కింది గిన్నె పొంగిపోతోంది," అంది భార్య.

"ఒత్తిడి వల్ల కూడా కావచ్చు," అన్నాడు మెకానిక్. ఆ కారణాన్ని ఇంకా పూర్తిగా వదులుకోలేకపోతున్నాడు.

"ఐదో అంతస్తు నర్సు ఇల్లేదో చదివారు చూడండి, ఆమెకు ఊరికే నల్ల గుండీలు వేస్తూనే ఉన్నాను."

మెకానిక్ వెనక్కి తిప్పి చూశాడు. నర్సుది రాత్రి డ్యూటీ. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, పడుకోబోయే ముందే పని చేయించుకునేది. పై అంతస్తుల్లో పొద్దున్నే వెళ్లేది ఆ ఒక్క ఇంటికే. ఆరేళ్లలో ఐదు మెంబ్రేన్లు. ఐదో అంతస్తుకు ఒత్తిడి ఎక్కడిది?

అప్పుడాయన తిరగేసి వెతికాడు. కింది అంతస్తుల్లో సాయంత్రం వెళ్లే ఇల్లు ఏదైనా ఉందా? ఉంది. మొదటి అంతస్తులో బేకరీ ఆయన. తెల్లవారుఝామునే పనికెళ్లి మధ్యాహ్నం వస్తాడు కాబట్టి సాయంత్రమే రమ్మనేవాడు. ఆరేళ్లలో మార్చింది ఒక్కటంటే ఒక్కటి. సాయంత్రం మెకానిక్ వెళ్లేసరికి ఇంటివాళ్లు నీళ్లు పట్టుకుని, మిషన్ అప్పటికే తిరిగి ఉండేది.

మెకానిక్ డైరీ మూసి బాల్కనీలోకి వెళ్లాడు. కోసి పడేసిన పాత మెంబ్రేన్ల గుట్ట అక్కడే ఉంది. తారీఖులు చూసి, కింది ఇళ్లవీ పై ఇళ్లవీ వేరుచేసి పరిచాడు. పై ఇళ్ల పొరలు అంచుల్లో పసుపుబారి, జిడ్డుగా ఉన్నాయి. కింది ఇళ్లవి చాలావరకు తెల్లగా ఉన్నాయి. కోసినప్పుడల్లా, అంత తెల్లగా ఉన్నది ఎందుకు పోయిందా అని ఒక్క క్షణం అనుకునేవాడు. ఒత్తిడికి నలిగిన పొర పైకి కనపడదులే అని సర్దిచెప్పుకునేవాడు.

"ఏమంటున్నాయి పీనుగులు?" అంది భార్య, ఏళ్ల తర్వాత బాల్కనీ గడప దాటి.

"వీటిలో సగం బతికుండగానే కోశాను."

ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. అప్పుడే షాపు ఓనరు ఫోన్ చేశాడు. టీచరుగారి ఇంట్లో నలభై ఆరు వచ్చిందన్న కబురు అతనికి చేరింది.

"ఇంకేం అన్నా, గెలిచేశావు! రేపు మీటింగులో మెంబ్రేన్ అసలుదే అని చెప్పి వచ్చేయ్. పాతవి ఎందుకు త్వరగా పోతున్నాయని ఎవరైనా అడిగితే, ఒత్తిడి కథ ఉండనే ఉంది కదా."

"అది కథేనని ఇప్పుడే తెలిసింది."

"నీకు తెలిసింది. వాళ్లకు తెలియదు కదా," అని పెట్టేశాడు.

మెకానిక్ భార్య వైపు చూశాడు. "ఏం చేయమంటావు?"

"నన్నడుగుతారేం? నేను గుండీలు లెక్కపెట్టేదాన్ని." గిన్నెల్లోని గుండీల్ని మళ్లీ డబ్బాలోకి ఒంపుతూ అంది. "అయినా ఒకటడుగుతాను. సోమవారం పొద్దున ఆరున్నరకు ఒకరింటికి వెళ్తారు. తొలి గ్లాసు కొలుస్తారా, పది నిమిషాలాగి కొలుస్తారా?"

"ఆగే కొలవాలి."

"అప్పుడు కింది ఇళ్లలో కూడా మూడేళ్లు వస్తాయి. ఇంతకుముందు ఏడాదిన్నరకే పోయేవి, ఇప్పుడెందుకు పోవట్లేదని ఎవరో ఒకరు అడుగుతారు. రేపు చెప్పకపోతే అప్పుడు చెప్పాలి. అప్పటికి మీ నోరు ఇంకా ఎండిపోతుంది."

ఆదివారం పది గంటలకు పార్కింగులో కార్లు బయటపెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముప్పై మంది దాకా వచ్చారు. కంపెనీ తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ముందు వరసలోనే కూర్చున్నాడు. టీచరుగారు లేచి, తన ఇంట్లోని మెంబ్రేన్ అసలుదేనని, మంచి స్థితిలోనే ఉందని, తాను తప్పు వేళలో కొలిచానని చెప్పింది. "నాకు తెలిసింది ఇంతే. మిగతాది మెకానిక్ గారు చెప్తారు," అని కూర్చుంది.

మెకానిక్ డైరీ పట్టుకుని లేచాడు. పెద్దగా ఉపోద్ఘాతం లేదు. పాతవాటిని ఎలా కొలిచాడో, కొత్తవాటిని ఎలా కొలిచాడో చెప్పాడు. డెబ్బై ఒకటి, ముప్పై నాలుగు అన్నాడు. నర్సు ఇంటి సంగతి, బేకరీ ఆయన ఇంటి సంగతి చెప్పాడు. "ఒత్తిడి అని మీ అందరికీ చెప్పాను. అది నేను కొలవని మాట. కింది ఇళ్లలో మార్చినవాటిలో సగం అప్పుడే మార్చక్కర్లేదు. కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే," అన్నాడు.

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

"మా ఇంట్లో నాలుగు మార్చారు! నాలుగు!" మూడో అంతస్తులో ఉండే ఆడిటరు కుర్చీలోంచి సగం లేచాడు. "నేను అడిగితే మీరేమన్నారో గుర్తుందా? మీటరు అబద్ధం చెప్పదు సార్ అన్నారు!"

"మీటరు చెప్పలేదు సార్. నేనే దాన్ని తప్పు టైములో అడిగాను."

"మా ఇంట్లో పోయిన వారమే మార్చారు కదండీ," అంది మొదటి అంతస్తులో ఒకావిడ. "ఆ పాతదే తెచ్చి మళ్లీ పెట్టేయండి."

"కుదరదమ్మా. ఒకసారి తీశాక పొర ఎండిపోతుంది. ఎండితే ఇక పనికిరాదు."

"అంటే మంచిదాన్ని తీసి ఎండబెట్టారన్నమాట!"

"అవునమ్మా."

వెనక వరసలో ఉన్న ఒక పెద్దావిడ పక్కామెను గట్టిగానే అడిగింది. "ఇంతకీ మనం తాగిన నీళ్లు మంచివేనా కాదా?"

"మంచివే బామ్మగారూ," అన్నాడు మెకానిక్. "మరీ మంచివి."

ఎవరో నవ్వారు. ఆడిటరు నవ్వలేదు. పై అంతస్తులవాళ్లు ఈ గొడవ తమది కాదన్నట్టు ఫోన్లు చూసుకుంటున్నారు. కంపెనీ ఆయన ఇదే అదనని లేచి, తమ దగ్గర ఈ కొలతల బాధే ఉండదని, ఏడాది తిరిగేసరికి అన్నీ మార్చేస్తామని చెప్పాడు.

"ఏడాదికే మెంబ్రేన్ కూడానా?" అంది టీచరుగారు.

"అన్నీ మేడమ్."

"అది కొలిచా?"

"కొలిచే పనే లేదు మేడమ్. పాలసీ."

ఎవరిష్టం వాళ్లదని, ఇంటింటికీ ఒక కాగితం పంపి ఎవరు కావాలో రాయించుకుందామని తీర్మానించారు. సాయంత్రానికి కాగితం తిరిగొచ్చింది. పై మూడు అంతస్తుల్లో నర్సు, ఇంకొకరు తప్ప పదహారిళ్లు మెకానిక్‌తోనే ఉన్నాయి. కింది పద్దెనిమిదిలో పదమూడు వెళ్లిపోయాయి, ఐదు మిగిలాయి. ఆ ఐదింటిలో టీచరుగారిదీ బామ్మగారిదీ ఉండటం మెకానిక్‌కు ఆశ్చర్యం కలిగించలేదు. ఆడిటరుది కూడా ఉండటం ఆశ్చర్యం.

"అన్నా, నిన్నెవరడిగారు?" అన్నాడు షాపు ఓనరు ఫోన్లో. అని, కాసేపటికి మళ్లీ తనే ఫోన్ చేసి, "ఇరవై ఒకటి మిగిలాయి కదా. సరేలే, రేపు పనికి రా," అన్నాడు.

సోమవారం ఆరున్నరకు మెకానిక్ మూడో అంతస్తు తలుపు తట్టాడు. ఆడిటరు లుంగీలో, చేతికి గడియారంతో ఎదురుచూస్తున్నాడు.

"నా మీద నమ్మకంతో పిలిచారని అనుకోను సార్," అన్నాడు మెకానిక్.

"నమ్మకమా? కొత్తవాడొస్తే ఎప్పుడు ఏం మారుస్తాడో నాకేం తెలుస్తుంది? మీరైతే ఎక్కడ తప్పు చేస్తారో తెలిసింది. దగ్గరుండి చూస్తాను." ఆడిటరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "వేయండి మిషన్. పదిహేను నిమిషాలు. ఒక్క నిమిషం తగ్గినా ఒప్పుకోను."

సన్నగొట్టంలోంచి నీళ్లు సింకులోకి పడుతున్నాయి. ఆడిటరు భార్య రెండు కప్పులు టీ తెచ్చి గట్టుమీద పెట్టింది. టైమయ్యాక మెకానిక్ గ్లాసు పట్టి, మీటరు ముంచి, అంకె ఆడిటరు వైపు తిప్పాడు. యాభై ఎనిమిది.

"మార్చక్కర్లేదు."

"ఖాయమా?"

"మీరే చూశారు కదా సార్."

ఆడిటరు తృప్తిగా టీ కప్పు అందుకున్నాడు. మెకానిక్ మాత్రం సంచి మూయలేదు. మెంబ్రేన్‌కు ముందుండే కార్బన్ ఫిల్టరు గొట్టం ఊడదీసి, దాన్ని దాటొచ్చిన నీళ్లు కొద్దిగా గ్లాసులో పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఈ రోజు ఏదైనా మార్చాలన్న మాట ఆయన నోటి నుంచి ఎలా వస్తుంది?

"ఏంటి?" అన్నాడు ఆడిటరు, కప్పు కింద పెట్టి.

మెకానిక్ ముందు కుళాయి నీళ్లు ఒక గ్లాసులో పట్టి ఇచ్చాడు. "ఇది మున్సిపాలిటీ నీళ్లు. వాసన చూడండి."

"బ్లీచింగ్ పౌడరు వాసన. మామూలేగా."

"దాన్ని ఆపేది కార్బన్. కంటికి కనపడదు, మీటరుకూ అందదు. అది పనిచేస్తుంటే దాన్ని దాటొచ్చిన నీళ్లకు ఏ వాసనా ఉండకూడదు. ఆ బ్లీచింగ్ దాటొస్తే మెంబ్రేన్‌ను తినేస్తుంది." అని రెండో గ్లాసు కూడా ఆయన చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఆడిటరు ఆ గ్లాసు వాసన చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. మళ్లీ రెండోది. భార్యను పిలిచి ఆమెకిచ్చాడు.

"రెండూ ఒకటేనండీ," అందామె.

ఆడిటరు రెండు గ్లాసుల్నీ సింకులో ఒంపి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మార్చండి," అన్నాడు.